అడవి పావురం, పడిపోయిన చెయ్యి

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోతే, ఆ కబురు వాడ దాటకముందే ఒక సలహా ఆ ఇంటి గడప తొక్కుతుంది: "లక్వ కొట్టిన మనిషికి అడవి పావురం తినిపియ్యుండ్రి, చెయ్యి లేస్తది." చెప్పేవాళ్లు మేలు కోరేవాళ్లే. పక్కింటి పెద్దమ్మో, ఊరి నుంచి పరుగున వచ్చిన మేనమామో అయి ఉంటారు. పెంపుడు పావురం పనికిరాదట, అడవిదే కావాలట. కొందరు మాంసం వండి పెడతారు. మరికొందరు పక్షిని కోసి, వెచ్చటి నెత్తురుతో పడిపోయిన చేతిని మర్దిస్తారు. ఈ నమ్మకం ఈ జిల్లాదే కాదు, తెలుగునేల అంతటా ఉంది. దక్కనులో యునానీ వైద్యులూ ఫాలిజ్ (పక్షవాతం), లక్వా (మూతి వంకర) రోగులకు పావురం శోర్బాను పథ్యంగా చెబుతూ వచ్చారు.

వేటగాడికి గిరాకీ ఉన్నది ఇందువల్లే. నాలుక రుచికి గువ్వను కొట్టేవాడు ఎప్పుడో ఒకసారి కొడతాడు. మంచాన పడ్డ తండ్రి కోసం వెతికే కొడుకు మాత్రం అడిగినంత ఇచ్చి, ఎన్ని దొరికితే అన్ని కొంటాడు. అందుకే వేట గురించి మాట్లాడాలంటే ముందు ఆ పక్షి ఒంటినీ, ఆ రోగి మెదడునూ కలిపి చూడాలి.

ఇక్కడ అడవి పావురం అంటే ఒక్క జాతి కాదు. బూడిదరంగు ఒంటి మీద నల్ల పట్టీలు, మెడ మీద ఆకుపచ్చ మెరుపు ఉండేది గుడి పావురాయి, బరువు దాదాపు మూడు వందల గ్రాములు. దోమకొండ కోట, కౌలాస్ కోట లాంటి పాత కట్టడాల గోడ సందులు, రాతి బావుల గూళ్లు దాని నివాసం. ఇక గువ్వలు. మెడ మీద నల్లటి పలక, అందులో తెల్ల చుక్కలు ఉన్నది పొడ బెల్లగువ్వ. మెడ వెనుక నల్లటి గీత ఉన్నది పెద్ద బెల్లగువ్వ. వంద గ్రాములైనా తూగని చిన్నది చిట్టి బెల్లగువ్వ. ఇటుక రంగు మగపక్షి ఉన్నది రావి గువ్వ. ఈ పేర్లను మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ మన జనం నోట విని, 1862–64 మధ్య అచ్చయిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో ఎక్కించాడు. రావి, మర్రి, జువ్వి, మేడి పళ్ల కోసం చెట్టు నుంచి చెట్టుకు తిరిగే పచ్చ గువ్వ వేరే కొమ్మకు చెందింది. పసుపు కాళ్ల ఆ పక్షి మన పొరుగున మహారాష్ట్రకు రాష్ట్ర పక్షి. నిజాంసాగర్ కట్ట పూర్తవుతున్న రోజుల్లోనే, 1931–32లో, సలీం అలీ నిజాం రాజ్యంలోని పక్షులను సర్వే చేశాడు. ఈ గువ్వలన్నీ అప్పటికే ఇక్కడి పొలాల పక్షులు.

గింజలు తినే పక్షికి రోజూ నీళ్లు కావాలి. పండ్లలో, పురుగుల్లో ఉన్నట్టు ఎండు జొన్నలో తడి ఉండదు. కోడి నీళ్లు తాగడం చూసే ఉంటారు: ముక్కు ముంచుతుంది, తల ఎత్తి మింగుతుంది, మళ్లీ ముంచుతుంది. గువ్వ అలా కాదు. ముక్కును నీళ్లలో ముంచి, తల ఎత్తకుండా ఒక్క గుక్కలో పీల్చేస్తుంది. నీటి గట్టున ఎంత తక్కువసేపు ఉంటే డేగకు దొరికే అవకాశం అంత తక్కువ. డేగ కన్ను తప్పించుకోడానికి అమరిన ఈ అలవాటు మనిషి వల ముందు మాత్రం పనిచేయదు. ఎండాకాలంలో కుంటలన్నీ ఎండి ఒక్క మడుగే మిగిలితే, చుట్టుపక్కల గువ్వలన్నీ పొద్దునా సాయంత్రం అక్కడికే రావాలి. అనుభవం ఉన్న వేటగాడు పక్షి వెంట తిరగడు, నీటి దగ్గర ఉచ్చు పెట్టి కూర్చుంటాడు.

బావిలో పట్టడం ఇంకో పద్ధతి. చీకటి పడ్డాక బావి నోటి మీద వల పరిచి, లోపలికి రాయి వేస్తారు. గూళ్లలోని పావురాలన్నీ ఒక్కసారిగా పైకి లేచి వలలో చిక్కుతాయి. పిల్లల చేతిలో గులేరు, పెద్దవాళ్ల చేతిలో ఎయిర్‌గన్, మర్రిపాలు కాచి చేసిన జిగురు, గూటి దగ్గర వెంట్రుక ఉచ్చు. ఇవన్నీ ఈ పల్లెలు ఎరిగినవే. పక్షుల వేటే బతుకుదెరువుగా ఉన్న పిట్టలోళ్ల కుటుంబాలకు పక్షి అలవాట్ల గురించి తెలిసినంత, డిగ్రీలున్న మనలో చాలామందికి తెలియదు. వాళ్లకు భూమి లేకుండా, ఇంకో పని లేకుండా ఉంచి, నేరం మాత్రం వాళ్ల మీద మోపడం న్యాయం కాదని నా అభిప్రాయం. కొనేవాళ్లు లేకపోతే అమ్మేవాళ్లుండరు.

ఇక వంట. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగి, నాలుగు ముక్కలు చేస్తారు. కోడిని కోసేటప్పుడు కార్జం పక్కనున్న చేదు తిత్తి పగలకుండా జాగ్రత్తపడాలి. పగిలితే కూరంతా చేదు. గుడి పావురానికి ఆ తిత్తి ఉండదు, పైత్యరసం కార్జం నుంచి నేరుగా పేగులోకి పోతుంది. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి వేసి, ముదురు పక్షయితే ఎక్కువసేపు ఉడికించి, జొన్నరొట్టెతో తింటారు. రోగికైతే మిరియాలు వేసి పలుచగా చారులా కాస్తారు. నూట యాభై గ్రాముల పొడ గువ్వలో ఈకలు, పేగులు, తల, కాళ్లు తీసేస్తే మిగిలేది గుప్పెడు కూడా ఉండదు. ఆ గుప్పెడులోనూ చాలా భాగం రొమ్ము కండే.

ఆ కండ రంగు చూడండి. కోడి రొమ్ము తెల్లగా ఉంటే పావురం రొమ్ము ముదురు ఎరుపు. కోడి రెక్క కొట్టేది గోడ ఎక్కడానికో, కుక్క తరిమితే తప్పించుకోడానికో, అదీ రెండు మూడు క్షణాలు. ఆ మాత్రం పనికి కండలో నిల్వ ఉన్న చక్కెర చాలు, ప్రాణవాయువు కోసం ఆగే పని లేదు. పావురం గంటకు డెబ్బై ఎనభై కిలోమీటర్ల వేగంతో, ఆగకుండా గంటల తరబడి ఎగరగలదు. దాని రొమ్ము కండలు ఒంటి బరువులో ఐదో వంతుకు పైగా తూగుతాయి. ప్రాణవాయువును పట్టి ఉంచే మయోగ్లోబిన్ నిండుగా ఉండటం వల్ల ఆ ఎరుపు. కొవ్వును మండించి శక్తి తీసే మైటోకాండ్రియాలు ఆ కండపోగుల్లో కిక్కిరిసి ఉంటాయి. బరోడా విశ్వవిద్యాలయంలో జె.సి. జార్జ్ ఏళ్ల తరబడి ఈ కండనే పరిశోధించాడు. అందులో సన్నటి ఎర్ర పోగులు కొవ్వుతోనూ, లావాటి తెల్ల పోగులు చక్కెరతోనూ పనిచేస్తాయని చూపించాడు.

పావురం రొమ్ము వైద్యానికి నిజంగానే మేలు చేసింది. అయితే ఆ మేలు జరిగింది వంటింట్లో కాదు. 1937లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హాన్స్ క్రెబ్స్ అనే శాస్త్రవేత్తకు, ప్రాణవాయువును వేగంగా వాడుకునే కండ ఒకటి కావాల్సి వచ్చింది. తిన్న తిండి కణంలో ఏయే మెట్లు దిగి బొగ్గుపులుసు వాయువుగా మారుతుందో కనిపెట్టాలన్నది అతని పని. అతను ఎంచుకున్నది పావురం రొమ్ము కండ. దాన్ని మెత్తగా నూరి, ఒక్కొక్క ఆమ్లమే కలిపి, ప్రాణవాయువు ఖర్చును కొలుస్తూ పోతే, మెట్ల వరుస తిరిగి మొదటికే వచ్చే చక్రమని తేలింది. ఇంటర్ పిల్లలు కంఠస్థం పట్టే క్రెబ్స్ చక్రం అదే. దానికి 1953లో నోబెల్ వచ్చింది. ఆ చక్రం తిప్పేదంతా చివరికి ఎ.టి.పి. అనే శక్తి అణువు కోసమే. ఆ అణువును కండలో కనుక్కున్నవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. 1929లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆ పని చేశాడు.

రెక్కలో అంత బలమున్న పక్షిని తింటే పడిపోయిన చేతిలోకి ఆ బలం వస్తుందని మన పెద్దలు అనుకోవడంలో ఒక తర్కం ఉంది. వేడి చేసే మాంసం, చల్లబడి చచ్చుపడ్డ అవయవం. ఆ తర్కం ఎక్కడ తప్పిందంటే, పక్షవాతంలో చేతి కండకు ఏ జబ్బూ లేదు. కండ బాగానే ఉంది, దానికి ఆజ్ఞ అందడం లేదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడో, నాళం చిట్లో, చేతిని కదిలించే మెదడు భాగం దెబ్బతింది. కుడిచెయ్యి పడిపోతే దెబ్బ తగిలింది ఎడమ మెదడుకు. అక్కడికి పావురం మాంసం ఎలా చేరుతుంది? కడుపులో పడ్డ ఏ మాంసమైనా అమైనో ఆమ్లాలుగా విరిగిపోతుంది. పావురానిది, కోడిది, కందిపప్పుది అన్న తేడా ఆ తర్వాత రక్తానికి తెలియదు. చర్మం మీద రాసిన నెత్తురు చర్మం దాటి లోపలికి పోదు.

మరి తగ్గినవాళ్లున్నారు కదా? ఉన్నారు. అబద్ధమాడటం లేదు వాళ్లు. పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో మెదడు తనను తాను కొంత సరిచేసుకుంటుంది; దెబ్బతిన్న చోటు చుట్టూ వాపు దిగుతుంది, పక్క భాగాలు ఆ పనిని కొంత నేర్చుకుంటాయి. రెండో వారంలో పావురం పెడితే, రెండో నెలలో వేళ్లు కదిలితే, పేరు పావురానికి పోతుంది. కదలకపోతే "ఆలస్యం చేసిండ్రు" అంటారు, లేదా తెచ్చింది పెంపుడు పావురమే అయి ఉంటుందంటారు. ఓడిపోయే వీలే లేని మందు అది. మూతి మాత్రమే వంకరపోయే లక్వా ఇంకో జబ్బు. అక్కడ దెబ్బ మెదడుకు కాదు, ముఖానికి వచ్చే నరానికి. ఏ మందూ వేయకపోయినా పదిమందిలో ఏడుగురికి పూర్తిగా నయమవుతుంది. మూడు రోజుల్లోపు డాక్టరు స్టెరాయిడ్ మొదలుపెడితే ఇంకా ఎక్కువమందికి. ఏమీ చేయకున్నా పదింట ఏడు సార్లు తగ్గే జబ్బుకు దేన్ని మందని చెప్పినా పదింట ఏడు సార్లు ఫలించినట్టే కనిపిస్తుంది.

చారు తాగితే పోయేదేముందనేవాళ్లకు రెండు విషయాలు చెప్పాలి. మొదటిది మింగడం. పక్షవాతం వచ్చిన కొత్తలో చాలామందికి గొంతు సరిగా పనిచేయదు. బలవంతంగా పోసిన పలుచటి చారు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దాంతో వచ్చే న్యుమోనియా ప్రాణం తీస్తుంది. ఆసుపత్రిలో మింగగలరో లేదో చూశాకే నోటికేమైనా ఇవ్వాలి.

రెండోది గడియారం. మెదడులో పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే నాడీవైద్యుడు లెక్కగట్టాడు. గడ్డను కరిగించే ఇంజక్షన్ ఉంది. కానీ మొదటి లక్షణం కనబడ్డ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఇచ్చేముందు సి.టి. స్కాన్ తీసి, నాళం చిట్లలేదని నిర్ధారించుకోవాలి. నాళం చిట్లిన మెదడుకు ఆ మందే విషం. ఎల్లారెడ్డి అవతలి తండా నుంచి కామారెడ్డికి, అవసరమైతే అక్కడినుంచి వంద కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాద్‌కు చేరాలంటే ఆ నాలుగున్నర గంటల్లో వదులుకోడానికి ఒక్క గంటైనా మిగలదు. మూతి ఒక పక్కకు జారినా, ఎత్తిన రెండు చేతుల్లో ఒకటి కిందికి వాలినా, మాట ముద్దయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఎప్పటినుంచి అలా ఉందో గంట, నిమిషంతో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. ఆ గంటలో కొడుకు బావి గట్టున వల పట్టుకుని నిలబడకూడదు. ఈ అధ్యాయమంతా రాయడానికి నాకున్న కారణం ఇదే.

పావురానికీ పక్షవాతానికీ శాస్త్రం ఎరిగిన సంబంధం ఒకటుంది. అక్కడ కాళ్లు పడిపోయింది పావురానికి, మందు మనిషి పారేసిన తవుడు. మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యమే తిండిగా పెడితే కొన్ని వారాల్లో పావురం నిలబడలేదు, మెడ వెనక్కి విరుచుకుపోతుంది. 1911లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో కాసిమిర్ ఫంక్ అలాంటి పావురాలకు తవుడు నుంచి తీసిన సారం ఇచ్చాడు. చావుకు దగ్గరైన పక్షులు కొన్ని గంటల్లోనే లేచి నిలబడ్డాయి. మరుసటి ఏడాది అతను ఆ రకం పదార్థాలకు పెట్టిన పేరే విటమిన్. పావురాన్ని లేపింది బి1 విటమిన్ అని తర్వాత స్పష్టమైంది. అప్పట్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే గోదావరి, విశాఖ వైపు, పచ్చి వడ్లను మరపట్టిన తెల్లబియ్యం తినే జనం బెరిబెరితో కాళ్లు పడిపోయి చనిపోయేవారు. ఆ జబ్బును పరిశోధించడానికి 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో ఒక చిన్న విభాగం మొదలైంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడ పావురాల మీదే ప్రయోగాలు చేశాడు. ఆ విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. నిజాంసాగర్ కింద పండిన వడ్లను తెల్లగా మరాడించే కామారెడ్డి మిల్లుల తవుడులో ఆ మందు ఇప్పటికీ టన్నులకొద్దీ ఉంది.

ఇక పట్టిన పక్షి వెనుక గూటిలో ఏం జరుగుతుందో చూద్దాం. గువ్వ గూడంటే నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చిన పళ్లెం. కింద నుంచి చూస్తే గుడ్లు కనిపించేంత పలుచన. రెండే గుడ్లు. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి, రెండు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. చాలా పక్షులు పిల్లలకు పురుగులు ఏరి తెచ్చిపెడతాయి. గువ్వ తెచ్చేది ఎండు గింజ, అది అప్పుడే పుట్టిన పిల్ల తినలేదు. అందుకే పావురం జాతి పాలు తయారుచేసుకుంది. పొదిగే రోజుల సగంలోనే మెడ కింద గింజలు నిలవుండే సంచి లోపలి పొర దళసరెక్కుతుంది. పిల్ల పుట్టే వేళకు ఆ పొర కణాలు రాలి, జున్నులాంటి ముద్దగా మారతాయి. ఎండబెట్టి తూస్తే అందులో అరవై శాతం దాకా మాంసకృత్తులు, మూడో వంతు కొవ్వు. చక్కెర దాదాపు లేదు. మగపక్షి కూడా ఈ పాలిస్తుంది. దీన్ని నడిపేది ప్రొలాక్టిన్, మన తల్లుల్లో పాలు పట్టించే హార్మోనే. 1930లలో ఆస్కార్ రిడిల్ బృందం దానికి పేరుపెట్టి, దాని మోతాదును కొలిచింది పావురం సంచి ఎంత దళసరెక్కిందో చూసే. ఈ పాలకు బదులు లేదు. మొదటి వారంలో తల్లో తండ్రో వలలో పడితే, మిగిలింది ఒక్కటే పిల్లలను కప్పి వెచ్చగా ఉంచాలి, తిండికీ పోవాలి. రెండూ కుదరక పిల్లలు పోతాయి. గువ్వలకు గుడ్లు పెట్టే కాలమంటూ గట్టి హద్దు లేదు, ఏడాది పొడుగునా ఎక్కడో ఒక గూడు ఉంటుంది. కాబట్టి ఏ నెలలో కొట్టినా ఏదో గూటిలో ఆకలి మిగులుతుంది.

1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అంటే చంపడం మాత్రమే కాదు. ఉచ్చు వేయడం, వల పన్నడం, గుడ్లు, గూళ్లు పాడుచేయడం కూడా వేటే. ఆ చట్టపు పాత షెడ్యూల్లో గువ్వలు, పావురాలన్నిటికీ రక్షణ ఉండి, గుడి పావురాయికి మాత్రం మినహాయింపు ఉండేది. అది మనుషుల కట్టడాల్లో పెరిగిపోతున్న పక్షి మరి. 2023 ఏప్రిల్ నుంచి షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగుకు మారాయి. నిజాం వేటకు వాడుకున్న పోచారం అడవి 1952 నుంచి అభయారణ్యం. నాగిరెడ్డిపేట వైపు పోచారం చెరువు చుట్టూ ఏ పక్షినీ ముట్టకూడదు.

ఇన్ని ఉన్నాయి, కొన్ని కొడితే తరుగుతాయా అని అడిగేవాళ్లకు అమెరికా ప్రయాణపు పావురం కథ చెప్పాలి. అవి వందల కోట్లు ఉండేవి. గుంపు సాగితే గంటల తరబడి సూర్యుడు కనిపించేవాడు కాదు. టెలిగ్రాఫ్ వచ్చి గుంపు ఎక్కడుందో చెప్పింది, రైలు వచ్చి కళేబరాలను పట్నానికి మోసింది. ఆ జాతి గూటికి ఒక్క గుడ్డే పెట్టేది, అదీ పెద్ద గుంపుగా ఉంటేనే. 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మార్తా అనే ఆఖరి పక్షి చనిపోయింది. అయితే అదే దేశంలో ఇంకో గువ్వను ఏటా దాదాపు కోటి దాకా కొడుతున్నా అది నిలిచే ఉంది. ఏడాదికి పలుమార్లు గుడ్లు పెడుతుంది, పైగా కాళ్లకు ఉంగరాలు తొడిగి లెక్కగట్టాకే ఎన్ని కొట్టవచ్చో అక్కడి ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పశ్చిమ ఐరోపాలో ఒక జాతి గువ్వలు తరిగిపోతుంటే ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్ 2021లో వాటి వేట ఆపేశాయి. కొద్ది ఏళ్లలోనే అక్కడ గూళ్లు కట్టే జతలు నాలుగు లక్షలకు పైగా పెరిగాయి.

లెక్క మన దగ్గరా మొదలైంది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ముప్పై వేలమందికి పైగా మామూలు జనం పంపిన మూడు కోట్ల నమోదుల మీద తయారైంది. గుడి పావురాయి పెరుగుతోందని అది చెప్పింది. పచ్చ గువ్వకు, రావి గువ్వకు ఇక్కడ ఏమవుతోందో తేలాలంటే గాంధారి, లింగంపేట, నిజాంసాగర్ ఊళ్ల నుంచి అలాంటి నమోదులు కావాలి. ఈబర్డ్ యాప్‌లో పదిహేను నిమిషాలు చాలు: మక్క కోసిన చేను గట్టున పొద్దున్నే నిలబడి, మెడ మీద చుక్కలున్నవి ఎన్ని, నల్ల గీత ఉన్నవి ఎన్ని, ఇటుక రంగువి ఎన్ని అని రాసుకోవాలి. రావి గువ్వలో ఇటుక రంగు మగదానిదే, ఆడది బూడిద గోధుమ రంగులో చిన్న సైజు పెద్ద బెల్లగువ్వలా ఉంటుంది. తోక పొట్టిగా ఉంటే రావి గువ్వ కింద రాయండి.